ఏనుగంత నేరేడుపండు: పురాణ వర్ణనలో ఊహ, స్వభావం

పూజలో సంకల్పం చెప్పేటప్పుడు జంబూద్వీపం అనే మాట వినని తెలుగువారు తక్కువ. అశోకుని లఘు శిలాశాసనాల్లోనూ ఈ మాట ఉంది. ఆ శాసనాల ప్రతుల్లో ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడిలో దొరికింది. జంబూ అంటే నేరేడు. మనం నివసించే భూభాగానికి మన ప్రాచీనులు ఒక పండ్ల చెట్టు పేరు పెట్టుకున్నారన్నమాట. ద్వీపం పేరు అందరికీ తెలుసు, చెట్టు సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది ఎక్కడ ఉంది, ఎంత ఎత్తు, దాని పండు ఎంత, రాలితే ఏమవుతుంది అన్నవన్నీ పురాణాలు ఓపికగా చెప్పాయి. అలాంటి చెట్టు లేదు, ఎప్పుడూ లేదు. అయినా దాని లక్షణాలను చెప్పిన తీరు, చూసి వచ్చినవారు చెప్పినట్టు ఉంటుంది.

ఇక్కడ విమర్శకు ఒక చిక్కు ఎదురవుతుంది. లేడిని, చిలుకను, వానను కవి వర్ణిస్తే మనం ప్రకృతితో పోల్చి బాగోగులు చెప్పగలం. లోకంలో లేని చెట్టును వర్ణించినప్పుడు దేనితో పోల్చాలి? ‘అతిశయోక్తి’ అని ఒక్క మాట రాసి ముందుకు పోవడం పరీక్ష జవాబుల్లో కనిపించే అలవాటు. ఆ మాట తప్పు కాదు కానీ చాలదు. అతిశయోక్తిలో మంచిదీ చెడ్డదీ ఉంటాయి, ఏది ఎందుకు మంచిదో చెప్పడమే విమర్శ పని. జంబూవృక్ష వర్ణన మంచి అతిశయోక్తి. నిజమైన నేరేడు స్వభావాన్ని అది చాలావరకు నిలబెట్టుకోవడమే అందుకు కారణం. ఆ సంగతిని ఈ పాఠంలో వివరంగా పరిశీలిద్దాం.

మూడు గ్రంథాల్లో ఒకే చెట్టు

ఈ చెట్టు ప్రస్తావన చాలా పురాణాల్లో ఉన్నా మనకు మూడు చాలు: మహాభారతంలోని భీష్మపర్వం, విష్ణుపురాణం ద్వితీయాంశం, భాగవతం పంచమ స్కంధం. తెలుగు భాగవతంలో పంచమ స్కంధాన్ని రచించినది పోతన కాదు, గంగన అని మీరు చదివే ఉంటారు. భూగోళ వర్ణన ఆ స్కంధంలోనిదే.

విష్ణుపురాణం ప్రకారం మేరువుకు నాలుగు దిక్కులా నాలుగు పర్వతాలు, వాటిమీద నాలుగు మహావృక్షాలు ఉన్నాయి. దక్షిణాన ఉన్న గంధమాదనం మీద నేరేడు. ఎత్తు 1,100 యోజనాలు. పండ్లు పెద్ద ఏనుగులంత. అవి కొండ మీద పడి చితికిపోతాయి. ఆ రసమే జంబూనది అయి ప్రవహిస్తుంది. అక్కడివారు ఆ నీరు తాగుతారు. తాగినవారికి చెమట పట్టదు, ఒంటి దుర్వాసన ఉండదు, ముసలితనం రాదు, ఇంద్రియాలు సడలవు. ఒడ్డున ఉన్న మట్టి ఆ రసంలో నాని, మెల్లని గాలికి ఆరి, జాంబూనదం అనే బంగారం అవుతుంది. సిద్ధులు దాన్ని నగలుగా ధరిస్తారు.

భాగవతం ఈ చెట్టును మేరుమందరం అనే కొండ మీద నిలిపింది. ఏనుగు పోలిక అక్కడా ఉంది. అదనంగా మూడు సంగతులు చేరాయి. పండులో గింజ ఉండీ లేనంత చిన్నది. చాలా ఎత్తునుంచి పడడం వల్లనే పండు పగులుతుంది. మట్టి బంగారం కావడానికి గాలితోపాటు ఎండ కూడా పనిచేస్తుంది. భీష్మపర్వంలో చెట్టుకు సుదర్శనం అని పేరుంది. ఎత్తు మళ్లీ అదే 1,100 యోజనాలు. పండు చుట్టుకొలత 2,500 మూరలు. అది పెద్ద చప్పుడుతో నేలమీద పడి వెండిలాంటి రసాన్ని వదులుతుంది.

చెట్టు ఉన్న కొండ పేరు మారింది, పండు కొలత మారింది, రసం రంగు ఒక్కచోటే చెప్పారు. పడడం, పగలడం, పారడం, ఆరడం అనే నాలుగు పనులు మాత్రం ఈ వర్ణనకు వెన్నెముక. ఇకపై మనం చూడబోయేది ఎక్కువగా ఈ పనులనే.

నేరేడే ఎందుకు?

కవికి కావలసింది రసం నది కావడం. అలాంటప్పుడు ఏ పండును ఎంచుకోవాలి? వెలగపండు రాలితే దొర్లుతుంది. తాటిపండు దబ్బున పడి అక్కడే ఉంటుంది. సీతాఫలం విచ్చుకుంటుంది గాని పారదు. బాగా పండిన నేరేడుపండు అలా కాదు. పలుచని తొక్క, లోపల రసం నిండిన కండ. నేల తాకగానే చితుకుతుంది. జూన్, జూలై నెలల్లో నేరేడు చెట్టు కింద నడిచినవారికి ఆ నేల ఎలా ఉంటుందో తెలుసు: అడుగు వేయడానికి చోటుండదు, అంతా రసం మరకలే. పండ్లు పగలకుండా దక్కాలంటే కింద దుప్పటి పట్టి కొమ్మ ఊపాల్సిందే. ఏరి అమ్మేవాళ్ల కష్టమంతా ఇక్కడే. ఆ కష్టాన్నే పురాణకర్త నదిగా మార్చాడు. నేరేడు వాగుల ఒడ్డున, తేమ నేలల్లో బాగా పెరిగే చెట్టు కూడా. చెట్టు పక్కన నీరు లోకంలో ముందే ఉంది. పురాణంలో ఆ నీరు చెట్టులోంచే పుట్టింది.

ఇంగ్లీషు అనువాదకులు చాలామంది జంబూ అన్నచోట ‘రోజ్ యాపిల్’ అని రాశారు. అది వేరే పండు. లేత రంగులో, గులాబీ వాసనతో, లోపల బోలుగా ఉంటుంది. అలాంటి పండు పడి నది కావడం నమ్మదగినట్టు ఉండదు. జంబూ అంటే నేరేడు అని ఇంట్లోనే తెలిసిన తెలుగు విద్యార్థికి ఇక్కడ ఆ అనువాదకుల కంటే మేలైన అవకాశం ఉంది.

ఇప్పుడు కొలతల సంగతి. ఒక చిన్న లెక్క వేసి చూడండి. బాగా ఎదిగిన నేరేడు చెట్టు 25 మీటర్లు ఉంటుందనుకుందాం, పండు రెండున్నర సెంటీమీటర్లు. అంటే చెట్టు ఎత్తు పండుకు వెయ్యి రెట్లు. ఈ దామాషా ప్రకారం 1,100 యోజనాల చెట్టుకు పండు ఒక యోజనం పైచిలుకు ఉండాలి. యోజనం అంటే కొన్ని కిలోమీటర్లు. ఏనుగు ఎత్తు మహా అయితే మూడు మీటర్లు. ఆ మహావృక్షానికి ఏనుగంత పండు అంటే మన చెట్టుకు ఆవగింజంత కూడా కాదు! భీష్మపర్వం చెప్పిన 2,500 మూరలు ఒక కిలోమీటరు దాటుతుంది, అదీ తక్కువే. చెట్టు విషయంలో మాత్రం భాగవతకర్త దామాషా తప్పలేదు. ఎత్తుకు తగినంత కొమ్మల విస్తారం, 100 యోజనాల మొదలు ఇచ్చాడు. పండు దగ్గరే లెక్క వదిలేశాడు.

ఇది పొరపాటు అనిపించవచ్చు. కానీ వినేవారిలో ఒక్కరూ ఈ లెక్క వేయరు. 1,100 యోజనాలు అన్నది అంకె, దాన్ని ఎవరూ ఊహించలేరు. ఏనుగు అలా కాదు, చూసిన వస్తువు. పైగా రంగులో, నునుపులో, గుండ్రదనంలో నేరేడుపండుకు ఏనుగు మేను సరిపోతుంది. గుత్తిగా వేలాడే నల్లని పండ్లను తలచుకుని, వాటి బదులు ఏనుగులు వేలాడుతున్నాయనుకోండి. చిత్రం వెంటనే కళ్లముందు నిలుస్తుంది. యోజనమంత పండు అంటే లెక్క కుదిరేది గాని బొమ్మ కట్టేది కాదు. ఈ విషయంలో భీష్మపర్వం కంటే విష్ణుపురాణం, భాగవతం మేలు. మూరలతో కొలిచిన పండు ఎంతదో తెలుస్తుంది, ఎలా ఉంటుందో తెలియదు.

గింజ, రంగు

నిజమైన నేరేడుపండులో గింజ చిన్నది కాదు. కండ కొరికేసరికే పంటికి తగులుతుంది; పండులో చాలా భాగం అదే. భాగవతంలో మాత్రం గింజ దాదాపు లేదు. ఎందుకు తీసేశారు? ఏనుగంత పండులో దామాషా ప్రకారం గింజ ఉంటే అది పెద్ద బండరాయంత ఉంటుంది. పండ్లు రాలుతూనే ఉంటే కొన్నాళ్లకు కొండ అంతా గింజల గుట్టలవుతుంది, నదికి దారి ఉండదు. రసం సాఫీగా పారాలంటే గింజ అడ్డు తొలగాలి. ఈ ఒక్క మార్పు చూస్తే రచయిత ఎంత దూరం ఆలోచించాడో తెలుస్తుంది. ఊహించిన వస్తువును ఊహించి వదిలేయలేదు, దాని పర్యవసానాలను వెంబడించాడు.

దీనికి ఇంకో ఫలితం కూడా ఉంది. గింజ లేని చెట్టు మొలకెత్తదు. జంబూవృక్షానికి పిల్లచెట్లు లేవు, తోపు లేదు. ద్వీపానికంతా ఒకటే చెట్టు, అందుకే ద్వీపానికి దాని పేరు పెట్టగలిగారు. రచయిత దీన్ని ఉద్దేశించాడని నిరూపించలేం. వర్ణనలో మాత్రం ఆ అర్థం ఇమిడి ఉంది.

రంగు సంగతి ఇంతకంటే ఆసక్తికరం. నేరేడు పేరు చెప్పగానే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది నాలుకకు, పెదవులకు, చొక్కాకు అంటుకునే ఊదారంగు. పిల్లలు నాలుక చాపి ఒకరికొకరు చూపించుకునే రంగు. అంత ప్రధానమైన లక్షణాన్ని విష్ణుపురాణం, భాగవతం జంబూరసం దగ్గర ప్రస్తావించనేలేదు. భాగవతకర్తకు రంగుల మీద శ్రద్ధ లేదా అంటే, ఉంది. ఈ నాలుగు చెట్లలోనే ఒకటైన మందరం మీది మామిడి నుంచి కొండ శిఖరాలంత పండ్లు రాలుతాయి. వాటి ఎర్రని రసం అరుణోద అనే నది అవుతుంది. అక్కడ రంగే నదికి పేరు. వాసన కూడా చెప్పాడు. నేరేడు దగ్గరికి వచ్చేసరికి మౌనం వహించాడు.

ఈ మౌనం యాదృచ్ఛికం కాదనే చెప్పాలి. కథ చివర బంగారం ఉంది. సిరాలాంటి ఊదా బురద ఎండి పసిడి అయిందంటే వినేవారి మనసు అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. రంగు చెప్పకపోతే ఆగదు. భీష్మపర్వకర్త ఇంకో దారి పట్టాడు: రసాన్ని వెండిలా చేశాడు. వెండి నుంచి బంగారానికి మనసు సులువుగా వెళుతుంది. కానీ ఆ దారిలో నేరేడు పోయింది. వెండిరంగు రసం కారే పండును మనం నేరేడు అనలేం. మౌనంలో నేరేడు మిగిలింది, వెండిలో మిగల్లేదు. మూడింటిలో ఇదొక్క చోట భీష్మపర్వ వర్ణన స్పష్టంగా బలహీనపడింది.

అయితే అదే భీష్మపర్వంలో, ప్రచారంలో ఉన్న సంస్కృత పాఠం ప్రకారం, ఈ బంగారానికి ఇచ్చిన పోలిక ఇంద్రగోపం. మన ఆరుద్ర పురుగు. తొలకరి వానకు నేలమీద కనిపించే ఎర్రని మఖమల్ పురుగు. ఆరుద్ర కార్తె జూన్ చివర వస్తుంది, నేరేడు రాలే రోజులూ అవే. నేలమీద రాలిన పండ్లు, వాటి మధ్య పాకే ఎర్రని పురుగులు ఒకే పక్షంలో ఒకేచోట కనిపిస్తాయి. ఎండకు, వానకు తిరిగిన మనిషికే తట్టగల పోలిక ఇది.

మట్టి బంగారం కావడం

లేనిదాన్ని కవి ఉన్నట్టు చెప్పింది ఇక్కడే. మొదటి మూడు పనులు, అంటే పడడం, పగలడం, పారడం, లోకంలో ఉన్నవే. వాటి పరిమాణమే పెరిగింది. నాలుగోది లోకంలో లేదు. అయినా ఇక్కడా రచయితలు ‘దైవ మహిమ వల్ల’ అని తప్పుకోలేదు. రసం మట్టిలో ఇంకాలి, గాలి తగలాలి, ఎండ కాయాలి. మామిడి తాండ్ర చేసేవారికి ఈ క్రమం కొత్త కాదు: చాప మీద రసం పోయడం, ఎండబెట్టడం, మళ్లీ పోయడం, చివరికి పలుచని రసం గట్టిపడి మెరిసే పలక అవుతుంది. ఏటి ఇసుకలో బంగారు రేణువులు దొరకడం కూడా ఈ దేశంలో ఎరిగిన విషయమే. సువర్ణరేఖ నది పేరే అందుకు సాక్ష్యం. తెలిసిన రెండు సంగతుల మధ్య తెలియని ఒకదాన్ని ఉంచి రచయిత వంతెన కట్టాడు. ఆ బంగారం పేరు నిఘంటువుల్లోకీ ఎక్కింది. అమరకోశం బంగారానికి చెప్పిన పర్యాయపదాల్లో జాంబూనదం ఒకటి.

రసం తాగితే కలిగే ఫలితాల వరుసను కూడా మరోసారి చూడండి. ముసలితనం లేకపోవడం కంటే ముందు చెమట లేకపోవడం వచ్చింది. ఎండాకాలం చివర పండే పండును తలచుకున్న మనసుకు తోచే మొదటి కోరిక అదే కదా. చావు లేకపోవడాన్ని మొదట కోరి ఉంటే వర్ణన గంభీరంగా ఉండేది, ఇంత దగ్గరగా ఉండేది కాదు.

ఆలంకారికుల మాట

దండి కావ్యాదర్శంలో వాఙ్మయాన్ని స్వభావోక్తి, వక్రోక్తి అని రెండుగా విభజించాడు. వస్తువుల వివిధ స్థితుల్లోని రూపాన్ని ప్రత్యక్షంగా చూపించేది స్వభావోక్తి. అలంకారాల వరుసలో దానికే మొదటి స్థానం ఇచ్చాడు. లోకమర్యాదను దాటి చెప్పేది అతిశయోక్తి; దాన్ని ఉత్తమ అలంకారం అన్నాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండూ వేరువేరు అధ్యాయాల్లో ఉండడం వల్ల ఒకటి ఉన్నచోట రెండోది ఉండదన్న అపోహ విద్యార్థుల్లో ఏర్పడుతుంది. జంబూవృక్షం ఆ అపోహను పోగొడుతుంది. పరిమాణంలో అతిశయోక్తి, క్రియలో స్వభావోక్తి. పండు ఏనుగంత అయినా పడినప్పుడు నేరేడులాగే ప్రవర్తిస్తుంది.

కుంతకుడు స్వభావోక్తిని అలంకారంగా ఒప్పుకోలేదు. స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించడానికి మిగిలిన వస్తువేది అన్నది అతని ప్రశ్న. మన ఉదాహరణకు ఆ ప్రశ్న బాగా ఉపకరిస్తుంది. అతని మాట ప్రకారం నేరేడు స్వభావం శరీరం, అతిశయం దానిమీది నగ. శరీరం లేకుండా నగ నిలబడదు. దండి పక్షం వహించినా కుంతకుని పక్షం వహించినా ఈ వర్ణనలో స్వభావం తొలగిస్తే మిగిలేది అంకెలు మాత్రమే అన్న నిర్ణయం మారదు.

ఈ వర్ణనను చదవకుండా తీర్పు చెప్పే రెండు ధోరణులు ఉన్నాయి. ఇదంతా పుక్కిటి పురాణం అని కొట్టివేయడం ఒకటి. ఇందులో ఏదో మరుగుపడిన విజ్ఞానం ఉందని, ఆ నది ఫలానా నది, ఆ చెట్టు ఫలానా ఖండం అని వెతకడం రెండోది. మొదటివారు చెట్టు లేదు కాబట్టి వర్ణన వ్యర్థం అంటారు. రెండోవారు వర్ణన ఉంది కాబట్టి చెట్టు ఉండి తీరాలంటారు. ఇద్దరికీ చెట్టు మీదే దృష్టి, వాక్యం మీద లేదు.

మిగిలిన రెండు చెట్లు

భాగవతంలో నాలుగు చెట్లు వరుసగా ఉన్నందువల్ల పోల్చి చూడడం సులువు. మామిడి, నేరేడు సంగతి చూశాం. మూడోది సుపార్శ్వం మీది కడిమి. దాని తొర్రల్లోంచి ఐదు తేనెధారలు కారుతాయి. ఇక్కడ పండు లేదు. అయినా చెట్టు తొర్రలో తేనెపట్టు ఉండడం అడవి ఎరిగినవారికి వింత కాదు. తేనెటీగలను దాచిపెట్టి ధారను పెద్దది చేశాడు, అంతే. నేరేడంత చక్కని వర్ణన కాకపోయినా చెట్టు స్వభావానికి దూరం పోలేదు.

నాలుగోది కుముదం మీది మర్రి. దాని మొదలు నుంచి కోరినవన్నీ ధారలుగా దిగివస్తాయి. ఆ జాబితా పాలతో మొదలవుతుంది. మర్రి ఆకు తుంచితే పాలు కారుతాయి కాబట్టి ఈ ఆరంభం సహజమే. తర్వాత పెరుగు, పాలు ఉన్నచోట పెరుగు ఉంటుంది, ఫర్వాలేదు. ఆపైన తేనె, నెయ్యి, బెల్లం, అన్నం. ఆ తర్వాత బట్టలు, పరుపులు, ఆసనాలు, నగలు. నేరేడు ఒక్కటే ఇస్తుంది, అది కూడా పడి, పగిలి, పారి, ఆరిన తర్వాత. మర్రి అన్నీ ఇస్తుంది, ఏదీ ఎలా వచ్చిందో చెప్పదు. దాని ఊడలు, నీడ, చిన్న ఎర్రని పండ్లు, వాటికోసం వచ్చే పక్షులు, వీటిలో ఏదీ ఆ వర్ణనలో పనికి రాలేదు. పాల దగ్గర కనిపించిన మర్రి పరుపుల దగ్గరికి వచ్చేసరికి కనిపించదు. అక్కడ చెట్టు ఉండాల్సిన చోట ఒక కొట్టు ఉంది.